నాలుగో వరసలో ఖాళీ గడి

మా ఇంట్లో కాగితం రెండు వైపులా వాడాకే బయటికి పోతుంది. మనవరాలు సైన్సు వ్యాసం రాయడం మొదలుపెట్టిన ఏడాది మాత్రం ఈ పద్ధతి నా చేయి దాటిపోయింది. పోర్ట్‌బ్లెయిర్ అబర్డీన్ బజార్‌లో అచ్చు వేయించి ఒక కట్ట తెచ్చేది. వాళ్ల సారు దాని నిండా ఎర్రసిరా పూసి తిరిగిచ్చేవాడు. మళ్లీ మొదటి పేజీ నుంచీ కొత్తగా అచ్చు. దిద్దిన పేజీ ఒక్కటే మార్చుకోవచ్చు కదా అంటే, ఒక్క మాట మారితే కింద పేజీలన్నీ జరిగిపోతాయి అనేది. ఆ కాగితాలు పప్పు డబ్బాల కింద పరిచాను, కిటికీ సందుల్లో వాన జల్లు కొట్టకుండా కుక్కాను. అయినా తరగలేదు.

"ఒక్క యాసానికి ఇన్ని కాయితాలేటే? మీ తాత రోడ్డు పనిలో ముసిలోడైపోనాడు గానీ ఇన్ని కాయితాలు సూడనేదు," అన్నాను ఒకరోజు.

"తాతకి మా సారు లేడు కదా అమ్మమ్మా. ఉంటే వేసిన రోడ్డే మళ్లీ మళ్లీ వేయించేవాడు," అంది.

ఇది మా అమ్మాయి కూతురు. అల్లుడు డిగ్లీపూర్‌లో బడి పంతులు, అమ్మాయి కూడా అక్కడే. పిల్ల పెద్ద చదువుకి పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉండాలి కాబట్టి డైరీ ఫార్మ్ అనే పేటలో నా దగ్గర ఉంటోంది. నాది మూడో తరగతి చదువు. తెలుగు కూడబలుక్కుని చదువుతాను. ఇంగ్లీషులో అంకెలు తప్ప ఏమీ రావు. అందుకని ఆ కట్ట మొత్తంలో నేను చదవగలిగింది పట్టిక ఒక్కటే. అడ్డం వరసలు చోట్లకి, నిలువు వరసలు నెలలకి. గడి గడికీ ఒక అంకె.

అంకెలన్నీ ఉప్పువి. సునామీ వచ్చిన రోజు ఇక్కడ భూమి కుంగింది. సిప్పీఘాట్ వైపు వరి పండే మళ్లలోకి సముద్రం వచ్చి నిలబడింది, తిరిగి పోలేదు. ఆ నీళ్లలో ఇప్పుడు మడచెట్లు వాటంతటవే మొలుస్తున్నాయి. నీళ్లలో ఎంత ఉప్పు ఉన్న చోట ఎన్ని మొక్కలు బతుకుతున్నాయన్నదే దీని చదువు. మడచెట్ల మధ్యకి సముద్రం చొచ్చుకొచ్చే పాయని ఇక్కడ ఖాడీ అంటాం. నెలనెలా ఖాడీలన్నీ తిరిగి, నీళ్లు చూసి, మొక్కలు లెక్కపెట్టి వచ్చేది. ఉప్పు చూడటానికి దాని దగ్గర చిన్న గొట్టం ఉంది. కొసన ఒక చుక్క వేసి, వెలుతురు వైపు తిప్పి కన్ను పెడితే లోపల గీత కనబడుతుంది. ఒకసారి నా చారు చుక్క వేసి చూపించింది.

"ఏటంటాది నా సారు?"

"సముద్రం కంటే కొంచెం తక్కువట అమ్మమ్మా."

"నోరుముయ్యి. ముందు తిను."

నవ్వేదాన్నే గానీ, ఆ గొట్టం సంచీలో పెట్టుకుని అది బయల్దేరిన ప్రతిసారీ నాకు ఆనాటి నీళ్లే గుర్తొచ్చేవి. సునామీ నాడు దీన్ని చంకనేసుకుని గుట్ట ఎక్కింది నేనే. అప్పుడు బడికి కొత్తగా వెళ్తున్న పిల్ల. నీళ్లు లోపలికి వచ్చిన చప్పుడు నాకు గుర్తు లేదు. వెనక్కి ఈడ్చుకుపోయేటప్పుడు రేకులూ గిన్నెలూ ఒకదానికొకటి కొట్టుకున్న చప్పుడు మాత్రం ఇప్పటికీ చెవుల్లో ఉంది. దానికి అదేమీ గుర్తు లేదట. అందుకే వెళ్లగలుగుతోంది అనుకునేదాన్ని.

నీళ్లు ఒక భయమైతే, ఖాడీల్లో మొసళ్లు ఇంకో భయం. ఒడ్డున బోర్డులు పెట్టారు. కుక్క అయితే మొరుగుతుంది, పాము అయితే బుస కొడుతుంది. మొసలి ఏ చప్పుడూ చేయదు. దుంగలా పడి ఉంటుంది, ఆ తరవాత ఉండదు.

మొత్తానికి ఎర్రసిరా తగ్గి, వ్యాసం విదేశీ పత్రికకి వెళ్లింది. కొన్నాళ్లకి జవాబు వచ్చింది. ఆ పత్రికవాళ్లు వ్యాసాన్ని ఎవరో ఇద్దరికి ఇచ్చి చదివిస్తారట. ఆ ఇద్దరూ ఎవరో పిల్లకి చెప్పరట.

"మొకం సూపించకుండా తప్పులు పట్టడమేటే? అత్తోరింట్లో కూడా ఎదురుగా నించునే పడతారు," అన్నాను.

మొదటి మనిషి బాగానే ఉందన్నాడట, బొమ్మ ఒకటి మళ్లీ గీయమన్నాడట. రెండో మనిషి పట్టిక మీద పడ్డాడు. నాలుగో వరసలో ఒక గడి ఖాళీగా ఉంది. నేను ఎప్పుడో చూశాను దాన్ని, అంకె బదులు చిన్న గీత ఉండేది. ఆ నెల డింగీ పడవ ఇంజిన్ చెడిపోయి ఆ ఖాడీకి వెళ్లలేకపోయారు. అది నడివానాకాలం. వాన నీళ్లు కలిసి ఉప్పు బాగా తగ్గే నెల. మొక్కలు నిలబడేదీ చచ్చేదీ అప్పుడే తేలుతుందని, ఆ గడి లేకుండా మీరు అన్ని చోట్లా ఇంతే అని ఎలా అంటారని రెండో మనిషి ప్రశ్న. దానికి జవాబు పంపాల్సిన గడువు ఆ వారంతో అయిపోతుంది.

పిల్ల సారుకి ఫోన్ చేసింది. ఆయన చెన్నైలో ఏదో మీటింగుకి వెళ్లి ఉన్నాడు. ఇది వంటింట్లో కూర తరుగుతూ ఫోన్ స్పీకర్‌లో పెట్టింది కాబట్టి నేనూ విన్నాను. ముందు నెల, తరవాతి నెల చూసి మధ్యలో ఒక అంకె వేసెయ్యమని హిందీలో అన్నాడు.

"కౌన్ దేఖ్‌నే ఆయేగా, బేటీ?" ఎవరొచ్చి చూస్తారని.

ఫోన్ పెట్టేశాక అది కత్తి పట్టుకుని అలాగే కూచుంది.

"సూడని నీల్లకి ఉప్పెంతో ఎలా రాస్తావే?" అన్నాను.

"అంచనా అంటారు అమ్మమ్మా. కొందరు వేస్తారు."

"అంచనా అని కింద రాస్తావేటి?"

"రాస్తే ఒప్పుకోరు."

"అయితే రాయకుండా ఏస్తావన్నమాట. నా ఇంట్లో కూకుని ఆ పని సెయ్యకు. ఏరే ఇల్లు సూసుకో."

గట్టిగానే అన్నాను. ఇప్పుడు అడిగినా అదే అంటాను. అది కోపంగా లేచి వెళ్లింది, కాసేపటికి తిరిగొచ్చింది. మొహం తేటగా ఉంది.

"అమ్మమ్మా, అదే నెల మళ్లీ వచ్చింది కదా. జాకే నాప్ లేతే హై. వెళ్లి కొలిచి వస్తా. పోయినేడు కుదరలేదు, ఈ ఏడు అదే నెలలో చూశాం అని కింద రాస్తా. అబద్ధం ఏం లేదు."

నాకు సంతోషం వేసింది. ఆ పూట దానికి ఇష్టమని వంకాయ కూర చేశాను. అది వెళ్లేది సముద్రం మీదికి అన్న సంగతి నా బుర్రకి ఎక్కింది మర్నాడు పొద్దున్నే, గుమ్మం దగ్గర రబ్బరు బూట్లు చూశాకనే.

ఇక్కడ మా వాళ్ల, అంటే చేపల వేటకెళ్లే తెలుగువాళ్ల, సంగతి ఒకటి చెప్పాలి. సముద్రం మీదికి బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగం. ఎప్పుడొస్తావనీ అడగం, వెనక నుంచి పిలవం. మామూలు ప్రయాణానికే ఎక్కడికని అడగరు చాలామంది, కానీ పడవ సంగతి వచ్చేసరికి ఆ మాట గొంతులోనే ఆగిపోవాలి. అడిగితే నీళ్లు వింటాయని మా అత్త అనేది. ఆవిడ మొగుడూ, మా ఆయన తప్ప మిగతా కొడుకులూ అలాగే వెళ్లి అలాగే వచ్చారు, ఆవిడ ఎవరినీ అడగలేదు. నేనూ అడగలేదు. పిల్ల సంచీ భుజాన వేసుకుని, "వస్తా అమ్మమ్మా," అంది. నేను చద్దన్నం డబ్బా చేతికిచ్చి మొహం అటు తిప్పుకున్నాను. గేటు చప్పుడైంది.

అప్పటికి ఆకాశం మామూలుగానే ఉంది. ఎండ కూడా కాసింది. పొద్దెక్కాక పడమటి గాలి లేచింది. మా పెరట్లో కొబ్బరి మట్టలు ఒకే వైపు దువ్వినట్టు వంగిపోయాయి. తరవాత వాన. మామూలు వాన కాదు, అడ్డంగా వచ్చే వాన. పక్కింటి బెంగాలీ ఆవిడ గోడ మీదుగా తల పెట్టి, "మాసీ, కపడా ఉఠావో! సముందర్ మే లాల్ ఝండా లగా దియా. ఫెర్రీ భీ బంద్," అంది. బట్టలు తియ్యి, ఎర్రజెండా ఎగరేశారు, ఫెర్రీలు ఆపేశారు అని.

నేను బట్టలు తియ్యలేదు. ఫోన్ తీశాను. పిల్ల నంబరు నొక్కితే ఒక ఆడమనిషి గొంతు హిందీలో, ఫోన్ అందుబాటులో లేదని చెప్పింది. ఖాడీల్లో ఫోన్ పలకదని నాకు తెలుసు. అయినా నొక్కాను. మళ్లీ నొక్కాను. ఆ గొంతుకి కోపమూ రాదు, విసుగూ రాదు. ఒకే మాట చెబుతుంది. కాసేపటికి ఆ మనిషి మా పిల్లని ఎక్కడో దాచిపెట్టి నాతో నాటకమాడుతోందేమో అనిపించింది. పొయ్యి మీద పప్పు మాడు వాసన వచ్చింది. కట్టేసి, గిన్నె అలాగే వదిలేశాను.

ఇంట్లో ఉండలేకపోయాను. డింగీ నడిపేది మా వాళ్లలో ఒకతనే, పడవలు ఆగే జంగ్లీఘాట్ మనిషి. అతనికైతే గాలి సంగతి తెలుసు, వెనక్కి తిప్పే ఉంటాడు, జెట్టీ దగ్గర టీ తాగుతూ ఉంటారు అనుకున్నాను. ఆటో పిలిచాను. నేను ఆటో ఎక్కడం చూసి పక్కింటి ఆవిడ గొడుగు దించి మరీ చూసింది. నేను బస్సు వదిలి ఆటో ఎక్కితే ఏదో ఘోరం జరిగినట్టేనని మా వీధిలో అందరికీ తెలుసు.

జెట్టీ మీద టీ తాగేవాళ్లెవరూ లేరు. డింగీలన్నీ ఒకదానికొకటి కట్టేసి ఉన్నాయి, పక్కలు రాసుకుంటూ మూలుగుతున్నాయి. చేపలు దించే రేకుల షెడ్డు కింద డింగీ అతని భార్య ఒక్కతే కూచుని ఉంది. నన్ను చూసి లేచింది.

"రా అత్తా. మీ మనవరాలు మా ఆయన్ని ఉప్పు సూడ్డానికి పట్టుకుపోనాది. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలీదు మా ఆయనకి, సముద్రంలో సూస్తాడంట!"

నవ్వుతూనే అంది. కానీ కొంగు కొసని వేలికి చుడుతోంది, విప్పుతోంది, చుడుతోంది.

"ఎటెల్లినారే?" అన్నాను.

"ఏమో. నానేటి అడుగుతానా? నువ్వడిగినావేటి?"

"నానెలా అడుగుతాను!"

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అప్పుడు వచ్చింది నాకు అసలు భయం. పొద్దుట నుంచీ ఉన్నది దిగులు. ఇది వేరు. ఇంత పెద్ద సముద్రంలో ఆ ఇద్దరూ ఏ మూల ఉన్నారో తెలిసిన మనిషి భూమి మీద ఒక్కరూ లేరు. అడగకూడదని మేం ఇద్దరం మర్యాదగా నోరు మూసుకుని, వాళ్లని చేతులారా మాయం చేశాం.

జెట్టీ చివర ఖాకీ బట్టల్లో ఒక పోలీసు రేడియోలో మాట్లాడుతున్నాడు. ఇక్కడే పుట్టిన కుర్రాడు. అతని దగ్గరికి వెళ్లి, మా వాళ్లు తిరిగి రాలేదని చెప్పాను. అతను వెంటనే కాగితం తీశాడు.

"కిధర్ గయా డింగీ, అమ్మాజీ?"

"తెలీదు బాబూ."

"కబ్ ఆయేగా? ఎప్పుడొస్తామన్నారు?"

"అడగనేదు."

అతను డింగీ అతని భార్య వైపు తిరిగాడు. "ఆప్?"

"నానూ అడగనేదు భయ్యా. అడక్కూడదు. మాలో రివాజు."

"ఏం రివాజు?"

"సముద్రం మీదికెల్లేవోల్లని ఎక్కడికని పూఛ్‌నా నహీ."

అతను టోపీ తీసి, తల రుద్దుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. "అరే బాప్‌రే. ఇద్దరు ఆడవాళ్లు ఇంట్లో, ఒక్కరూ పూఛా నహీ! మా అమ్మ అయితే నేను చాయ్ తాగడానికి వెళ్లినా పది సవాళ్లు. ఇప్పుడు నేను ఎటు వెతకాలి? ఉత్తరమా, దక్షిణమా? ఈ గాలిలో ఒక్క చోటికే బోటు పంపగలను అమ్మాజీ. ఏక్ జగా బతావో."

నాకు తెలిసింది ఒక్కటే. అదే చెప్పాను. "నాలుగో వరస, బాబూ."

"కౌన్‌సా వరస?"

"పట్టికలో నాలుగోది. ఒక గడి ఖాళీగా ఉంటాది సూడు, దానికోసం."

అతను నా వైపు జాలిగా చూశాడు. మతి చలించిన ముసలమ్మని చూసినట్టు. పక్కనున్న బెంచీ చూపించి, "బైఠో, బైఠో," అన్నాడు. పట్టికలో ఆ గడి ఎక్కడుందో కళ్లు మూసుకుని వేలు పెట్టి చూపించగలను. బయట, ఈ నీళ్లలో, అది ఎటుందో నాకు తెలియదు.

అప్పుడు సారు గుర్తొచ్చాడు. అవసరానికని పిల్ల ఆయన నంబరు నా ఫోన్లో పెట్టింది. రెండు అంకె నొక్కిపట్టుకుంటే పోతుంది. పోయింది గానీ ఆయన ఎత్తలేదు. మీటింగులో ఉండి ఉంటాడు. మళ్లీ చేశాం. పోలీసు తన ఫోన్ నుంచి కూడా చేశాడు. ఆ కాసేపూ ఎంత సేపో నాకు తెలియదు. వాన రేకుల మీద గులకరాళ్లు పోసినట్టు పడుతోంది. డింగీ అతని భార్య మాట్లాడుతూనే ఉంది.

"కొత్త పలకలు ఏయించాడత్తా పోయిన నెల. ఇంజిన్ కూడా బాగుంది. ఒడ్డెంటే ఎల్తాడు మా ఆయన, పిరికోడు. పెల్లయిన కొత్తలో పిరికోడని ఏడిపించీదాన్ని. ఇంకా పిరికోడుగానే ఉండాలి దేవుడా."

గంగమ్మకి మొక్కుకుందామని చేతులు జోడించాను. వాళ్లని పట్టుకున్నదే ఆవిడ కదా. పట్టుకున్న మనిషినే విడిపించమని ఎలా అడగను? చేతులు అలాగే ఒళ్లో పెట్టుకున్నాను.

ఫోన్ మోగింది. సారు. పోలీసు అందుకుని జరిగింది చెప్పాడు. అవతల ఆయన అరుపు నాకు కూడా వినబడింది. "వహా గయీ? ఇస్ మౌసమ్ మే? మైనే తో కహా థా నంబర్ డాల్ దో!" ఈ వానలో అక్కడికి వెళ్లిందా, అంకె వేసెయ్యమన్నాను కదా అని. తరవాత ఆ ఖాడీ పేరు చెప్పాడు. పోలీసు ఆ పేరు రేడియోలోకి పలికి, పక్కనున్న బోటు మనిషితో, "వహా తో వో బడా వాలా..." అని మొదలుపెట్టి, నేను వింటున్నానని చూసి ఆపేశాడు.

అతను ఆ మాట పూర్తి చేసి ఉంటే బాగుండేది. అక్కడ ఆ పెద్దది ఉంది కదా అనబోయాడు. ఏది అని నేను అడగలేదు. బోటు వెళ్లిపోయింది. దాని వెనక తెల్లటి నురగ కొంచెంసేపు కనబడి వానలో కలిసిపోయింది.

ఆ తరవాత నేను ఆలోచించినవి చెప్పడానికి నోరు రావడం లేదు. కొన్ని చెబుతాను. రబ్బరు బూట్లలో నీళ్లు నిండితే కాలు పైకి రాదని ఆలోచించాను. డిగ్లీపూర్‌కి ఫోన్ చేసి మా అమ్మాయికి ఏమని చెప్పాలి, మొదటి మాట ఏమిటి అని ఆలోచించాను. పిల్ల ఒక అబద్ధపు అంకె వేసి ఉంటే ఈపాటికి నా ఎదురుగా కూచుని అన్నం తింటూ ఉండేది కదా అని కూడా ఆలోచించాను. ఆ ఆలోచన వచ్చినందుకు భయపడ్డాను. నేను అలాంటిదాన్ని కాదనుకున్నాను ఇన్నాళ్లూ. డింగీ అతని భార్య దగ్గరికి జరిగింది. నా మణికట్టు పట్టుకుని కూచుంది.

పొద్దు గూకే వేళకి వాన సన్నబడింది. ముందు బోటు ఇంజిన్ చప్పుడు వినబడింది. తరవాత బోటు. దాని వెనక తాడు. తాడు చివర డింగీ ఉంది. అది ఖాళీ డింగీ అవునో కాదో చూడటానికి నా కళ్లు చాలలేదు.

"ఎంతమందే? ఎంతమంది ఉన్నారే?" అన్నాను.

ఆమె నిలబడి చూసింది. రెండు వేళ్లు చూపించింది.

పిల్ల జెట్టీ మెట్లు ఎక్కింది. నడుము దాకా నల్ల బురద. పెదాలు నీలంగా ఉన్నాయి. పళ్లు కొట్టుకుంటుంటే జరిగింది ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఖాడీ మొగ దాకా బాగానే వెళ్లారు. అక్కడ ఎవరిదో తెగిపోయిన నైలాన్ వల ఇంజిన్ రెక్కకి చుట్టుకుంది. గాలి డింగీని మడచెట్ల వేళ్లలోకి తోసేసింది, ఆటుకి నీళ్లు దిగిపోయి బురదలో కూరుకుపోయింది. ఇద్దరూ దిగి తోసి చూశారు, కదల్లేదు. మళ్లీ డింగీలోకి ఎక్కారు. పిల్ల నీళ్లు కొలిచే చోటు కంటికి కనబడుతోంది, గుర్తుకోసం కట్టిన ఎర్ర రిబ్బను కూడా కనబడుతోంది.

"బస్ ఇత్నా దూర్, ఇంతే దూరం అమ్మమ్మా. బురదలో నడిచి వెళ్లి ఒక సీసా నింపుకుని వస్తే చాలు."

"మామయ్య నా సంచీ పట్టుకుని లాగేశాడు," అని కూడా చెప్పింది. ఎందుకో డింగీ అతను చెప్పాడు. బురద మీద ఒక జాడ చూశాడట, పెద్ద బస్తా ఈడ్చినట్టు, ఇంకా నీళ్లు ఊరుతున్న జాడ. పోలీసు బోటు వచ్చేదాకా పిల్లని డింగీ మధ్యలోనే కూచోబెట్టి, చేతిలో తెడ్డు పట్టుకుని నిలబడ్డాడట.

"ఆడు లాగకపోతే దిగీదానివేటే?" అన్నాను.

అది నా కళ్లలోకి చూసింది. "దిగేదాన్నే."

చెంప మీద ఒకటి వేశాను. పెద్దయ్యాక దాన్ని కొట్టడం అదే మొదలు. పోలీసు కుర్రాడు సముద్రం వైపు తిరిగాడు.

"మా ఆయనకి కూడా ఒకటెయ్యత్తా," అంది డింగీ అతని భార్య. "నా సెయ్యి లేవట్లేదు." అని కూలబడి ఏడ్చింది.

ఇంటికొచ్చి నీళ్లు కాచాను. అది తల మీద పోసుకుని, నా పాత దుప్పటి కప్పుకుని, కంప్యూటర్ ముందు కూచుంది. గడువు మర్నాడే. సారు ఫోన్ చేశాడు. ముందు బాగున్నావా అని అడిగాడు, గొంతు మెత్తగానే ఉంది. తరవాత, "అబ్ తో డాల్ దో బేటీ. ఇప్పుడైనా ఆ అంకె వేసెయ్యి. ఇంత ప్రాణం మీదికి తెచ్చుకున్నావు. ఆ అంకెకి నీకు హక్కుంది," అన్నాడు హిందీలో.

హక్కు అన్న మాట విని నేను వంటింట్లో ఆగిపోయాను. ఆ క్షణం నాకూ అలాగే అనిపించింది. వేసెయ్యవే, గొడవ వదిలిపోతుంది, మళ్లీ అటు వెళ్లే పని ఉండదు. ఈ మాట నా నోటి చివర ఉంది. గరిటె కింద పెట్టి గుమ్మంలోకి వచ్చాను. అది నా వైపు చూడలేదు.

"నై సార్. నేను నీళ్లు చూడలేదు," అంది.

ఫోన్ పెట్టేసి టైపు చేయడం మొదలుపెట్టింది. చాలాసేపు చేసింది. ఏం రాస్తున్నావో తెలుగులో చెప్పమన్నాను. దాని తెలుగు తడబడుతుంది, రాయడం అసలు రాదు, అయినా ఒక్కో మాటా వెతుక్కుని చెప్పింది. నాలుగో ఖాడీకి ఆ నెల వెళ్లలేకపోయాం. ఈ ఏడాది మళ్లీ ప్రయత్నించాం, గాలివాన వల్లా మొసలి ప్రమాదం వల్లా ఆ చోటు చేరలేకపోయాం. కాబట్టి వానాకాలం గురించి మేం చెప్పేది మిగిలిన ఖాడీల వరకే.

తరవాత వెనక్కి వెళ్లి, అన్ని చోట్లా అని ఉన్న దగ్గరల్లా కొట్టేసి, మేం చూసిన చోట్ల అని మార్చింది. అలా ఎన్ని చోట్ల మార్చిందో. మొదటి పేజీలో వ్యాసం పేరు కూడా మారింది. మారిన ప్రతిసారీ అది కొంచెం కుంగినట్టు కూచుంది.

"చిన్నదైపోయింది అమ్మమ్మా. సారుకి నచ్చదు. ఆ రెండో మనిషి వద్దు అనొచ్చు."

"అంటే?"

"ఇంకో పత్రిక వెతుక్కోవాలి. మళ్లీ షురూ సే, మొదటి నుంచీ."

నాకు పత్రిక సంగతి పట్టలేదు. నాకు ఆ బురద మీద జాడ కనబడుతోంది. ఇంకా నీళ్లు ఊరుతున్నాయి అందులో.

"వద్దంటే మల్లీ అక్కడికెల్తావేటే?"

దుప్పటి కొస సర్దుకుంది. వెళ్లను అని ఒక్క ముక్క అనేస్తే ఆ పూటకి నాకు చాలు. అది దానికీ తెలుసు.

"వానలు పోయాక, పెద్ద బోటు దొరికితే, ఫారెస్టు వాళ్లు తోడొస్తే వెళ్తా అమ్మమ్మా," అంది. "వెళ్లనని చెప్పలేను."

తిట్టడానికి నోరు తెరిచాను. నీళ్లు చూడలేదు అని సారుతో అన్న గొంతే అది. ఆ గొంతుతో నాకు మాత్రం ఇంకోలా ఎందుకు చెబుతుంది?

"అన్నం తినీసి పంపు," అన్నాను.

"పంపేసి తింటా," అంది.

పంపింది. నేను పక్కన కూచుని అది ముద్ద ముద్దా తినడం చూశాను. జవాబు ఇంకా రాలేదు. పడమటి గాలి వీచినప్పుడల్లా లేచి, అది తన గదిలో ఉందో లేదో చూసి వస్తున్నాను.